బ్రిటన్ నుంచి యూరప్‌కు కచేరీ: డేట్ ఒప్పుకునే ముందు చూసుకోవాల్సినవన్నీ

చేతిలో బ్రిటిష్ పాస్‌పోర్టు ఉన్న లండన్ కళాకారులకు 2020 దాకా పారిస్ కచేరీ అంటే బ్రిటన్‌లోనే ఉన్న లెస్టర్‌లో కచేరీ లాంటిదే. పొద్దున రైలెక్కి, సాయంత్రం వాయించి, మర్నాడు ఇల్లు చేరేవారు. వీసా, పని అనుమతి, వాద్యాల జాబితా, కస్టమ్స్ ముద్ర, ఇవేవీ ఉండేవి కావు. బ్రెగ్జిట్‌తో, అంటే బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లోంచి బయటికి రావడంతో, 2021 జనవరి 1 నుంచి అదంతా మారిపోయింది. బ్రిటన్, యూరోపియన్ యూనియన్ కలిసి రాసుకున్న వాణిజ్య ఒప్పందం వెయ్యి పేజీలు దాటుతుంది. పనిమీద కొద్దిరోజులు వచ్చిపోయే వాళ్ళెవరో అందులో జాబితా ఉంది, కానీ కచేరీలు చేసుకుంటూ తిరిగే కళాకారులకు ఆ జాబితాలో చోటు దొరకలేదు. తప్పు మీదంటే మీదని రెండు పక్షాలూ అనుకున్నాయి. వీసా లేకుండా తిరగనివ్వాలని కోరిన పిటిషన్ మీద రెండు లక్షల ఎనభై వేల మందికి పైగా సంతకాలు చేశారు. 2025 మే నెలలో లండన్‌లో జరిగిన బ్రిటన్, యూనియన్ నేతల సమావేశంలో పర్యటించే కళాకారుల ప్రస్తావన వచ్చింది గానీ, సరిహద్దు దగ్గర నిలబడేవాడికి అక్కరకొచ్చే కొత్త నియమం ఆ రోజు ఏదీ రాలేదు.

పెద్ద రాక్ బ్యాండ్లకు ఈ పనులు చూసే మేనేజర్లు, లాయర్లు ఉంటారు. నలుగురైదుగురు ఉన్న కర్ణాటక సంగీత బృందానికి, కూచిపూడి ట్రూపుకి ఎవరుంటారు? సాధారణంగా పక్కవాద్యం వాయించే వాళ్ళలో ఒకరు ఉద్యోగం అయ్యాక రాత్రిళ్ళు కూర్చుని ఫారాలు నింపుతారు. ఈ మార్గదర్శి అలాంటి వాళ్ళ కోసమే. బ్రిటన్‌లో ఉంటూ జర్మనీ, నెదర్లాండ్స్, ఫ్రాన్స్ వైపు తెలుగు సంఘాల ఉగాదికో, అక్కడి సంగీతోత్సవాలకో వెళ్ళే వాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

మొదటి అడుగు: ఎవరి దగ్గర ఏ పాస్‌పోర్టు ఉందో రాసుకోండి

బృందంలో ఎంతమంది ఉంటే అన్ని వరసలతో ఒక పట్టిక వేయండి. పేరు, పాస్‌పోర్టు ఏ దేశానిది, ఎప్పుడు ఇచ్చారు, ఎప్పటిదాకా చెల్లుతుంది, బ్రిటన్‌లో ఏ హోదాలో ఉన్నారు. మన బృందాల్లో ఒకే వ్యాన్‌లో మూడు రకాల వాళ్ళుంటారు. గాయనికి బ్రిటిష్ పాస్‌పోర్టు, మృదంగం వాయించే ఆయనకు ఇండియా పాస్‌పోర్టు, వయొలిన్ వాయించే అమ్మాయికి ఐరిష్ పాస్‌పోర్టు. ముగ్గురికీ నియమాలు వేరు. ఐరిష్ పాస్‌పోర్టు ఉన్న అమ్మాయి యూరోపియన్ యూనియన్ పౌరురాలు కాబట్టి ఆమెకు ఈ వీసా, పర్మిట్ బాధలేవీ లేవు.

తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసి, ఒకే వీసాతో తిరగనిచ్చే షెంగెన్ దేశాలు ఇప్పుడు 29. నార్వే, స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉన్నాయి. ఐర్లాండ్, సైప్రస్ యూనియన్‌లో ఉన్నా షెంగెన్‌లో లేవు. డబ్లిన్ కార్యక్రమానికి బ్రిటిష్ పాస్‌పోర్టు వాళ్ళు ఏ అనుమతీ లేకుండా వెళ్ళి పని చేయొచ్చు. ఇండియా పాస్‌పోర్టు వాళ్ళకు మాత్రం ఐర్లాండ్ వీసా విడిగా కావాలి. షెంగెన్ వీసా అక్కడ పనికిరాదు.

షెంగెన్‌లోకి వెళ్ళడానికి పాస్‌పోర్టు పదేళ్ళ లోపు ఇచ్చినదై ఉండాలి, తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకో మూడు నెలలైనా చెల్లాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ విమానం గేటు దగ్గరే మనిషిని ఆపేసేది ఇదే.

ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళ షెంగెన్ వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకు 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు అంటారు గానీ 45 రోజుల దాకా పట్టవచ్చు. వైద్య ఖర్చులకు కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ చూపించాలి. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. అన్ని చోట్లా రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. అపాయింట్‌మెంట్ దొరకడమే అసలు టెన్షన్, ముఖ్యంగా ఎండాకాలం సెలవుల ముందు. అందుకే ఆర్గనైజరు ఫోన్ చేసిన వారంలోనే స్లాట్ వెతకడం మొదలుపెట్టండి.

ఇంకొక మార్పు చాలామందికి తెలియదు. బ్రిటిష్ పౌరుల భార్యగానో భర్తగానో వాళ్ళతో కలిసి ప్రయాణించే ఇండియా పాస్‌పోర్టు వాళ్ళకు బ్రెగ్జిట్‌కు ముందు యూరోపియన్ కుటుంబ సభ్యుల హోదా ఉండేది. వీసా ఫీజు ఉండేది కాదు, దరఖాస్తును త్వరగా చూసేవారు. ఇప్పుడు ఆ హోదా లేదు. భార్య పాడి భర్త వాయించే జంటలు మన బృందాల్లో బోలెడు. ఈ మార్పు వాళ్ళ మీద నేరుగా పడింది.

రెండో అడుగు: రోజులు లెక్కపెట్టండి

ఏ 180 రోజులు తీసుకున్నా అందులో షెంగెన్‌లో 90 రోజులకు మించి ఉండకూడదు. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. కచేరీ లేని విశ్రాంతి రోజులూ వస్తాయి. పిల్లల్ని తీసుకుని స్పెయిన్ సముద్రతీరానికి వెళ్ళిన సెలవులూ వస్తాయి. 90 రోజులు ఒక్కో దేశానికి విడివిడిగా కాదు, అన్ని షెంగెన్ దేశాలకూ కలిపి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక డాన్సర్ 2026 జనవరి 10 నుంచి మార్చి 10 దాకా జర్మనీలో వర్క్‌షాపులు నడిపిందనుకోండి. అది 60 రోజులు. మళ్ళీ మే 1 నుంచి 30 దాకా ఫ్రాన్స్‌లో ప్రదర్శనలు, 30 రోజులు. అక్కడితో 90 అయిపోయాయి. జూన్ నెలాఖరున నెదర్లాండ్స్ వాళ్ళు పిలిస్తే వెళ్ళడం కుదరదు. జనవరి 10 నాటి రోజు లెక్కలోంచి జారిపోయేది జులై 9న. అప్పటిదాకా తలుపు మూసే ఉంటుంది.

ఇదివరకు పాస్‌పోర్టు మీద ముద్రలు చూసి అధికారి వేళ్ళ మీద లెక్కపెట్టేవాడు. 2025 అక్టోబర్ 12 నుంచి ఈఈఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థ మొదలైంది. యూరోపియన్ పౌరులు కాని వాళ్ళ వేలిముద్రలు, ముఖం ఫోటో తీసుకుని, రాకపోకలన్నీ నమోదు చేస్తుంది. ఒక్క రోజు ఎక్కువైనా తెర మీద కనబడుతుంది. మొదటిసారి నమోదుకు సమయం పడుతుంది కాబట్టి వ్యాన్‌లో ఎనిమిది మంది ఉంటే డోవర్ రేవులో ఆ ఆలస్యాన్ని ముందే లెక్కలో వేసుకోండి. ఇది కాక బ్రిటిష్ పాస్‌పోర్టు వాళ్ళు ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాల్సిన ఎటియాస్ అనుమతి 2026 చివర్లో మొదలుపెడతామని ప్రకటించారు, రుసుము 20 యూరోలు.

మూడో అడుగు: ప్రతి దేశానికీ పని అనుమతి విడిగా చూడండి

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. వీసా లేకుండా దేశంలోకి వెళ్ళగలగడం వేరు, అక్కడ డబ్బు తీసుకుని పాడగలగడం వేరు. మొదటిది షెంగెన్ నియమం, అంతటా ఒకటే. రెండోది ఆయా దేశాల సొంత చట్టం. దేశదేశానికీ మారుతుంది.

జర్మనీలో కళా ప్రదర్శనలకు షరతులతో, 12 నెలల్లో 90 రోజుల దాకా పని అనుమతి అక్కర్లేదు. ఫ్రాన్స్‌లో కూడా మూడు నెలల లోపు సాంస్కృతిక కార్యక్రమాలకు పని పర్మిట్ మినహాయింపు ఉంది. నెదర్లాండ్స్‌లో ఏ 13 వారాల్లోనైనా ఆరు వారాలు. స్పెయిన్ మొదట్లో కఠినంగా ఉండేది. ఒక్క కచేరీకి కూడా వీసా కాగితాలు గుట్టగా అడిగేవారు. సంగీత రంగం వాళ్ళు పట్టుబట్టి మాట్లాడాక 2021 నవంబర్‌లో అక్కడా 90 రోజుల దాకా సడలించారు. సగానికి పైగా దేశాల్లో ఇలాంటి ఏదో ఒక వెసులుబాటు ఉంది. కానీ ఎన్ని రోజులు, సౌండ్ ఇంజనీరుకు వర్తిస్తుందా, ముందుగా నమోదు చేయాలా అన్నది ఎక్కడికక్కడ వేరు.

కాబట్టి ఆర్గనైజరు నుంచి ఒక లేఖ తప్పకుండా తెప్పించుకోండి. తేదీలు, వేదిక చిరునామా, ఎవరెవరు ఏం చేస్తారు, ఎంత ఇస్తారు, ఏ చట్టం కింద పర్మిట్ అక్కర్లేదు, ఇవన్నీ అందులో ఉండాలి. వాళ్ళ భాషలో ఒకటి, ఇంగ్లిష్‌లో ఒకటి. బృందంలో ప్రతి ఒక్కరి చేతిలోనూ కాపీ ఉండాలి.

మన సంఘాల కార్యక్రమాల గురించి ఒక మాట చెప్పాలి. ఆహ్వానించేవాళ్ళు సొంత ఉద్యోగాలు చేసుకుంటూ ప్రేమతో పండగ జరిపే మనుషులు. "ఫీజేం లేదు కదండీ, దారి ఖర్చులూ శాలువా మాత్రమే, టూరిస్టులమని చెప్పేయండి" అంటారు. వాళ్ళు చెడ్డ ఉద్దేశంతో అనరు. అయినా ఆ మాట వినకండి. సంభావన లేకపోయినా టికెట్ పెట్టిన ప్రదర్శనను పనిగానే చూసే దేశాలున్నాయి. వ్యాన్ నిండా వీణ, మృదంగం, గజ్జెలు పెట్టుకుని టూరిస్టులమంటే అధికారి నమ్మడు. అబద్ధం ఒకసారి రికార్డులోకి ఎక్కితే తర్వాతి ప్రతి వీసా దరఖాస్తులోనూ దానికి జవాబు చెప్పుకోవాలి. నిజం చెప్పి లేఖ చూపించండి.

ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోవడం మరవకండి. వీసా లేదా పర్మిట్ రాకపోతే టికెట్ల ఖర్చు, హాలు అద్దె ఎవరు భరించాలి? నోటిమాట మీద వదిలేస్తే స్నేహాలు చెడతాయి.

నాలుగో అడుగు: వాద్యం దేనితో చేశారో తెలుసుకోండి

చేత్తో పట్టుకెళ్ళే వాద్యాలకు, మీ వెంటే మీ కారులోనో వ్యాన్‌లోనో వచ్చే వాటికి కార్నెట్ (సామానును తాత్కాలికంగా తీసుకెళ్ళి తిరిగి తెచ్చే కస్టమ్స్ పత్రం) అక్కర్లేదు. కస్టమ్స్‌కు చూపించాల్సిందేమీ లేనివాళ్ళు వెళ్ళే గ్రీన్ ఛానెల్‌లో నడిచి వెళ్ళొచ్చు. అయినా కొన్న రసీదు, ఫోటోలు, సీరియల్ నంబరు ఉంటే అవి ఫోన్‌లో పెట్టుకోండి.

అసలు చిక్కు అంతరించిపోతున్న జీవుల, చెట్ల రక్షణకు ఉన్న సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందంతో వస్తుంది. బ్రిటన్ యూనియన్‌లో ఉన్నంతకాలం లోపలి ప్రయాణాలకు ఆ కాగితాలు చూపించాల్సిన పని లేదు. ఇప్పుడు డోవర్ దాటడం కూడా అంతర్జాతీయ ఎగుమతే.

బొబ్బిలి, నూజివీడు వీణలు పనస చెక్కతో చేస్తారు. పనసకు సైటీస్‌లో ఏ ఆంక్షా లేదు. మృదంగం కూడా పనసే, మూతలకు మేక, ఆవు, గేదె తోళ్ళు. అక్కడా సైటీస్ సమస్య లేదు. భారతీయ రోజ్‌వుడ్ జాబితాలో ఉన్నా, 2019 నవంబర్ నుంచి తయారైన సంగీత వాద్యాలకు మినహాయింపు ఇచ్చారు. మరి భయం దేనికి? పాత వీణల మీది నగిషీకి. తాతగారి నాటి తంజావూరు వీణలకు ఏనుగు దంతం పొదిగి ఉంటుంది. ఇప్పుడు వాడేది ఎక్కువగా ప్లాస్టిక్ గానీ, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. పాత వయొలిన్ కమానుల కొసన కూడా దంతం ముక్క ఉండొచ్చు. ఆ ముక్క గోరంత ఉన్నా వాద్యాన్ని జప్తు చేసే అధికారం కస్టమ్స్‌కు ఉంది.

అలాంటి వాద్యానికి మ్యూజికల్ ఇన్‌స్ట్రుమెంట్ సర్టిఫికెట్ తీసుకోవాలి. బ్రిటన్‌లో దీన్ని జంతు, మొక్కల ఆరోగ్య సంస్థ ఇస్తుంది. ఫీజు లేదు, మూడేళ్ళు చెల్లుతుంది. కానీ సైటీస్ తనిఖీకి గుర్తించిన రేవులు, విమానాశ్రయాల గుండానే వెళ్ళాలి, ప్రతిసారీ ముద్ర వేయించాలి. టికెట్ కొనే ముందే ఆ రేవు జాబితాలో ఉందో లేదో చూడండి. నా సలహా అడిగితే, దంతం పొదిగిన వీణను ఇంట్లోనే ఉంచి కొత్త వీణతో వెళ్ళండి. నాదంలో తేడా ఉంటుందని నాకు తెలుసు. అయినా తరతరాలుగా వచ్చిన వాద్యాన్ని సరిహద్దులో పోగొట్టుకునే ప్రమాదం పెట్టుకోవద్దు. దంతం కాదు ప్లాస్టికే అయితే, చేసినవారి నుంచి ఆ మాట రాయించిన ఉత్తరం ఒకటి పెట్టెలో పెట్టుకోండి.

ఐదో అడుగు: మిగతా సామానుకు కార్నెట్

మైకులు, స్పీకర్లు, లైట్లు, సెట్, దుస్తుల పెట్టెలు విడిగా సరుకు బండిలో వెళ్తే ఏటీఏ కార్నెట్ తీసుకోండి. ఇది సామానుకు పాస్‌పోర్టు లాంటిది. ఏడాది చెల్లుతుంది. బ్రిటన్‌లో ఛాంబర్ ఆఫ్ కామర్స్ ఇస్తుంది. ఫీజు కాక, సామాను విలువను బట్టి గ్యారంటీ సొమ్ము కూడా కట్టాలి. చిన్న బృందానికి ఈ ఖర్చు భారమే. అందుకే స్పీకర్లు, లైట్లు అక్కడే అద్దెకు తీసుకునేలా ఆర్గనైజరుతో మాట్లాడి, మీ వెంట వచ్చేవి మాత్రమే తీసుకెళ్ళడం మంచిది.

జాబితా రాసేటప్పుడు పెట్టెలో ఉన్న ప్రతి వస్తువూ రాయండి, విలువతో, బరువుతో సహా. కూచిపూడి వాళ్ళయితే తరంగానికి వాడే ఇత్తడి పళ్ళెం, తాళాలు, గజ్జెల జతలు ఎన్ని, అన్నీ. గిల్టు నగల్ని "బంగారం కాదు, రోల్డ్ గోల్డ్ నాట్యాభరణాలు" అని స్పష్టంగా రాసి ఫోటో జతచేయండి. ఎక్స్-రేలో వడ్డాణం, జడబిళ్ళలు కనబడితే అధికారికి అనుమానం రావడం సహజం. కార్నెట్ ఒకసారి ఇచ్చాక జాబితాలో కొత్త వస్తువు చేర్చడానికి ఉండదు.

కార్నెట్‌లో పసుపు కాగితాలు బ్రిటన్ దాటడానికి, తిరిగి రావడానికి. తెల్లవి అవతలి దేశంలోకి వెళ్ళడానికి, బయటికి రావడానికి. యూరోపియన్ యూనియన్ మొత్తం ఒకే కస్టమ్స్ ప్రాంతం కాబట్టి ఫ్రాన్స్ నుంచి జర్మనీకి వెళ్తే ముద్ర అక్కర్లేదు. జర్మనీ నుంచి స్విట్జర్లాండ్‌కు వెళ్తే మళ్ళీ బయటికి ఒకటి, లోపలికి ఒకటి కావాలి. ముద్ర వేసే ఆఫీసు చాలాసార్లు రేవులోనే ఉండదు. డోవర్ దారిలో వెళ్ళేవాళ్ళకు ఆష్‌ఫర్డ్ దగ్గర సెవింగ్టన్‌లో ఉంది. దానికి విడిగా రెండు మూడు గంటలు కేటాయించండి.

బండి

సొంత కారు, చిన్న వ్యాన్ అయితే ఈ భాగం మీకు అక్కర్లేదు. 3.5 టన్నులు దాటిన బ్రిటిష్ ట్రక్కును అద్దెకు తీసుకుంటే మాత్రం, అది యూరప్‌లో మొదటి చోట సామాను దించాక ఏడు రోజుల్లో ఇంకో రెండు ట్రిప్పులే వేయగలదు. పది ఊళ్ళ పర్యటన ఆ ట్రక్కుతో కుదరదు. పెద్ద రవాణా సంస్థలు యూరప్‌లో కూడా కంపెనీలు రిజిస్టరు చేసుకుని దారి వెతుక్కున్నాయి. చిన్నవాళ్ళు అక్కడి బండినే మాట్లాడుకోవాలి.

ఆరో అడుగు: సీడీలు, పుస్తకాలు అమ్మాలనుకుంటే

అమ్మే సరుకు కార్నెట్‌లోకి రాదు. కార్నెట్ తిరిగి తెచ్చే వస్తువులకే. అమ్మకానికి తీసుకెళ్తే అది ఎగుమతి. జీబీతో మొదలయ్యే ఈఓఆర్ఐ అనే కస్టమ్స్ గుర్తింపు నంబరు కావాలి (ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇస్తారు). సరుకు విలువ నిర్ణీత హద్దును, బరువు 1,000 కిలోలను దాటకపోతే బ్రిటన్ వైపు ఆన్‌లైన్‌లో సులువైన డిక్లరేషన్ ఉంది. అవతలి వైపు సుంకం, ఆ దేశపు వ్యాట్ కట్టాలి. టీషర్టులు వేరే దేశంలో తయారై బ్రిటన్‌లో అచ్చు మాత్రమే వేసినవైతే వాణిజ్య ఒప్పందపు సుంకం మినహాయింపు వాటికి సాధారణంగా దొరకదు. ముప్పై సీడీల కోసం ఇంత పడటం కంటే, అక్కడే అచ్చు వేయించి నేరుగా హాలుకు తెప్పించుకోవడం తేలిక.

ఏడో అడుగు: పన్ను, సామాజిక భద్రత

కళాకారుల సంపాదన మీద ప్రదర్శన జరిగిన దేశం పన్ను కోసుకోవచ్చన్నది బ్రెగ్జిట్‌కు ముందు నుంచీ ఉన్న నియమమే. జర్మనీలో ఆర్గనైజరు 15 శాతం పన్ను, దాని మీద 5.5 శాతం సంఘీభావ పన్ను కోసుకుంటాడు, మొత్తం 15.825 శాతం. ఒక్కో ప్రదర్శనకు 250 యూరోల లోపయితే కోత లేదు. మన చిన్న సభల సంభావనలు చాలావరకు ఈ హద్దులోపే ఉంటాయి, కాబట్టి ఆర్గనైజరుకు ఈ నియమం గుర్తుచేయండి. నెదర్లాండ్స్ మాత్రం తనతో పన్ను ఒప్పందం ఉన్న దేశాల కళాకారుల దగ్గర కోయదు. స్పెయిన్‌లో బ్రెగ్జిట్ దెబ్బ అంకెల్లోనే కనిపిస్తుంది. యూనియన్ దేశాల వాళ్ళకు 19 శాతం, మిగతా వాళ్ళకు 24. కోసిన ప్రతిసారీ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. బ్రిటన్‌లో సెల్ఫ్ అసెస్‌మెంట్ (మన పన్ను లెక్క మనమే దాఖలు చేయడం) చేసేటప్పుడు దాన్ని చూపించి తగ్గించుకోవచ్చు. సర్టిఫికెట్ లేకపోతే రెండు చోట్లా కట్టినట్టే.

ఫ్రాన్స్ పద్ధతి వేరు. వేదిక ఎక్కే కళాకారుణ్ణి అక్కడి చట్టం ఉద్యోగిగా భావిస్తుంది, అంటే ఆర్గనైజరు జీతం స్లిప్పు ఇచ్చి సామాజిక భద్రత చందాలు కట్టాలి. యూనియన్ దేశాల్లో స్వయం ఉపాధిలో ఉన్న కళాకారులకు దీన్నుంచి మినహాయింపు ఉంది. బ్రిటన్ వాళ్ళకు అది పోయింది. ఎప్పుడో ఒక కార్యక్రమం జరిపే సంఘాల కోసం గూసో అనే ఒకే కిటికీ వ్యవస్థ ఉంది. పారిస్ వాళ్ళు పిలిస్తే అది తెలుసా అని అడగండి.

ఇక ఏ1 సర్టిఫికెట్. ఇది మీరు బ్రిటన్‌లోనే నేషనల్ ఇన్సూరెన్స్ (ఇక్కడి సామాజిక భద్రత చందా) కడుతున్నారని చెప్పే కాగితం, దీంతో అక్కడ మళ్ళీ చందా కోయరు. బ్రిటన్ పన్నుల శాఖ హెచ్ఎంఆర్‌సీ ఇస్తుంది. స్వయం ఉపాధి వాళ్ళు సీఏ3837 ఫారం నింపాలి. రావడానికి వారాలు పడుతుంది, కాబట్టి వీసాతో పాటే పంపేయండి.

ఆరోగ్యం, తిండి

యూరప్‌లో వైద్యానికి వాడే పాత ఈహెచ్ఐసీ కార్డు స్థానంలో జీహెచ్ఐసీ కార్డు వచ్చింది, ఉచితం. ప్రభుత్వ వైద్యం వరకే పనికొస్తుంది, వాద్యం పగిలితే పనికిరాదు. వాద్యానికి ఇన్సూరెన్స్ విడిగా తీసుకోండి. తిండి దగ్గర ఒక జాగ్రత్త: బ్రిటన్ నుంచి యూనియన్‌లోకి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్ళకూడదు. నెయ్యి, పెరుగన్నం డబ్బా, పాలకోవా ఇంట్లోనే ఉంచండి. కందిపొడి పర్వాలేదు.

అటునుంచి ఇటు

జర్మనీ నుంచి ఒక వయొలిన్ విద్వాంసుణ్ణి లండన్‌కు పిలవాలంటే ఆయనకూ కాగితాలు కావాలి. యూరోపియన్ పౌరులకు 2025 ఏప్రిల్ నుంచి ఈటీఏ (బ్రిటన్ రావడానికి ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి) తప్పనిసరి. ముందే కుదిరిన పెయిడ్ ప్రదర్శనలకు విజిటర్ హోదాలో ఒక నెల దాకా వీలుంది. హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చే విద్వాంసులకు బ్రిటన్ వీసా ఒకటి, షెంగెన్ వీసా ఇంకొకటి. రెండూ ఒకే పర్యటనలో పెడితే పాస్‌పోర్టు ఎప్పుడు ఏ కేంద్రంలో ఉంటుందో తేదీలతో రాసుకోండి. ఒకచోట చిక్కుకుంటే రెండో దరఖాస్తు ఆగిపోతుంది.

తిరిగొచ్చాక

కచేరీ బాగా జరిగింది, అలసిపోయి ఉన్నారు, తెల్లవారుజామున ఫెర్రీ. ముద్రలు మరిచిపోయేది అప్పుడే. మా బృందం ఒకసారి ఫ్రాన్స్ దాటేటప్పుడు తెల్ల కాగితం మీద ముద్ర వేయించకుండా ఓడెక్కేసింది. నిద్రమత్తులో ఎవరికీ గుర్తు రాలేదు. ఏడాది తిరగబోతుండగా ఉత్తరం వచ్చింది: సామాను యూరప్‌లోనే ఉండిపోయినట్టుంది, సుంకం కట్టండి అని. ఇంటికి చేరినప్పుడు బ్రిటన్ వైపు పసుపు కాగితం మీద ముద్ర వేయించి ఉండటం మమ్మల్ని కాపాడింది. దాన్ని రుజువుగా పంపి, సవరణ రుసుము మాత్రం కట్టి బయటపడ్డాం.

అప్పటి నుంచి మేము ఒక పని చేస్తున్నాం. బండి నడపని వాళ్ళలో ఒకరికి కార్నెట్ బాధ్యత అప్పగిస్తాం. ప్రతి సరిహద్దులో ముద్ర పడగానే ఆ పేజీ ఫోటో తీసి బృందం వాట్సాప్‌లో పెట్టాలి. ఫోటో రాకుండా బండి కదలదు. ఇల్లు చేరిన వారంలోపు కార్నెట్‌ను ఛాంబర్‌కు తిరిగి పంపించి, ఫోటోలు, పన్ను సర్టిఫికెట్లు, ఆర్గనైజర్ల లేఖలు ఒకే ఫోల్డరులో దాస్తాం. వచ్చే ఏడాది వీసా దరఖాస్తుకు మొదట తెరిచేది ఆ ఫోల్డరే.